జెరాక్స్ శ్యామ్ ఒరిజినల్ సినిమా

చిలకలూరిపేట బస్టాండు వెనక సందులో ‘షారోన్ డిజిటల్స్’ అని ఒక ఫొటో స్టూడియో ఉంది. దాని యజమాని శ్యామ్ సుందర్. పెళ్లిళ్లకీ, ఓణీల ఫంక్షన్లకీ, బాప్తిస్మాలకీ వీడియోలు తీస్తాడు. చుట్టుపక్కల ఊళ్లలో ఆయన కెమెరా ముందు తల వంచుకుని సిగ్గుపడని పెళ్లికూతురు లేదు. కానీ శ్యామ్ సుందర్ ఎక్కడుంటాడని అడిగితే మీకు ఎవరూ దారి చెప్పరు. జెరాక్స్ శ్యామ్ అని అడగాలి. అలా అడిగితే టీకొట్టువాడు గ్లాసు కింద పెట్టి మరీ వచ్చి సందు చూపిస్తాడు.

ఈ పేరు ఊరికే రాలేదు, కష్టపడి సంపాదించుకున్నాడు. ఎనిమిదేళ్ల కిందట ఆయన ఒక పొట్టి సినిమా తీశాడు. గుంటూరులో ఏదో పోటీ ఉందంటే పట్టుకెళ్లి ఆడించాడు. తెర మీద హీరో బస్సు వెనక పరిగెత్తాడు. సరిగ్గా అప్పుడే వాన పడింది. హీరోయిన్ కిటికీలోంచి చెయ్యి చాపింది. హాల్లో ఉన్న కుర్రాళ్లు హీరోకంటే ముందే డైలాగులు చెప్పేశారు. దీపాలు వెలిగాక ఒకాయన లేచి, ఇదంతా ఎక్కడో చూసినట్టుందే అన్నాడు. శ్యామ్ తడబడలేదు. ఆ వారమే నేర్చుకున్న మాట ఒకటి నాలుక చివర సిద్ధంగా ఉంది.

“హోమేజ్ అండీ. మహానుభావులకి మనం పెట్టే దండం.”

“దండం పెట్టమన్నారు గానీ జేబులో చెయ్యి పెట్టమన్నారా?” అన్నాడు వెనక వరసలో ఎవడో.

హాలంతా గొల్లుమంది. శ్యామ్ ఇంకా పేటలో బస్సు దిగకముందే కొత్త పేరు వచ్చి స్టాండులో కూర్చుంది.

పేరుతో ఊరుకుంటే బాగుండేది. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు ఆ పేరు విని ఆధార్ కార్డులు పట్టుకుని స్టూడియోకి రావడం మొదలుపెట్టారు. రెండు వైపులా తియ్యాలి, కొంచెం త్వరగా కానివ్వండి అనేవాళ్లు. కౌంటర్లో కూర్చునే ఆయన భార్య జయకుమారికి వాళ్లని తిప్పి పంపలేక తల ప్రాణం తోకకొచ్చేది.

“ఏవండీ, పోనీ ఒక మిషను కొని పడేద్దామా?” అంది ఒకరోజు. నిజంగానే అడిగింది, ఎగతాళికి కాదు. శ్యామ్ ఆ పూట అన్నం తినలేదు.

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు. ఇంకొక సినిమా తియ్యాలి. అందులో ఒక్క షాటు, ఒక్క చూపు, ఒక్క తుమ్ము కూడా ఇంకొకరిది కాకూడదు. దాన్ని తనని వెక్కిరించిన వాళ్లందరినీ కూర్చోబెట్టి చూపించాలి. ఆ దెబ్బకి జెరాక్స్ అన్న మాట పేట పొలిమేర దాటి పోవాలి. నలభై రెండేళ్ల మనిషి, పెళ్లాం బిడ్డలున్నవాడు, ఒక మారుపేరు కోసం ఇంత కుమిలిపోతాడా అని మీరు అనుకోవచ్చు. మిమ్మల్ని ఎవరూ పెళ్లి పందిట్లో అందరి ముందూ ‘జెరాక్స్ గారూ, భోంచేశారా?’ అని అడిగి ఉండరు, అందుకని అలా అనుకుంటున్నారు.

ఒట్టు పెట్టుకోవడం తేలిక. ఏది సొంతమో, ఏది ఎప్పుడో చూసి మర్చిపోయిందో తేల్చడమే కష్టం. అందుకని శ్యామ్ గౌస్ బాషాని పెట్టుకున్నాడు. గౌస్ బాషా పేటలో ఒక సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా జీవితమంతా గడిపినవాడు. ఆ హాలు ఇప్పుడు పత్తి బేళ్ల గోడౌను. గోడకున్న చిన్న కన్నంలోంచి ఆయన చూడని సినిమా లేదు, చూసింది మర్చిపోయిన దాఖలా లేదు. నేను రాసింది ఎక్కడైనా వచ్చిందేమో చెప్పడమే నీ పని గౌస్ భాయ్ అన్నాడు శ్యామ్. అడగడమే పొరపాటైంది.

“హీరో రైల్వే స్టేషన్లో ఒంటరిగా కూర్చుని ఉంటాడు,” అని మొదలుపెట్టేవాడు శ్యామ్.

“వచ్చింది.”

“పోనీ, బస్టాండులో.”

“రెండుసార్లు వచ్చింది. ఒకటి ఆడలేదు.”

“తల్లి ఫొటో ముందు దీపం ఆరిపోతుంది.”

“ఒరేయ్ శ్యామూ, ఆ దీపం ఆరీ ఆరీ అందులో నూనే లేదురా.”

ఇలా పరుగు పోయింది, వాన పోయింది, ఎగిరే పిట్టలు పోయాయి. అద్దంలో చూసుకోవడం, ఉత్తరం చింపడం, పొద్దుగుంకే సూర్యుడి ముందు నిలబడటం అన్నీ పోయాయి. చివరికి కథలో ఒక ముసలాయన, ఒక మంచం, ఒక మిరప కల్లం మిగిలాయి. రేటు పడిపోయిందని పంట అమ్మనని మొండికేసి, ఆరబోసిన మిరపకాయలకి కాపలా కూర్చున్న రైతు కథ. ‘కల్లం కాపలా’ అని పేరు పెట్టాడు. ముసలాయన చాలాసేపు కదలకుండా కూర్చుంటాడు. కదిలితే ఎవరిదో షాటు అవుతుందని భయం.

ఆ ముసలాయన వేషానికి శ్యామ్ తన తండ్రి ప్రేమదాసునే పెట్టాడు.

ప్రేమదాసుది పేటకి దగ్గర్లోని చినగరువు. చర్చిలో గంట కొట్టేవాడు, మిరప కోతలకి మనుషుల్ని తీసుకెళ్లే మేస్త్రీగా కూడా చేసేవాడు. డెబ్బై దాటినా మనిషి నిటారుగా ఉంటాడు. కొన్ని దశాబ్దాలపాటు చర్చిలో క్రిస్మస్ నాటికలో దుర్మార్గపు రాజు వేషం ఆయనదే. అట్ట కిరీటం పెట్టుకుని, దుప్పటి భుజానికి ఎగరేసి, ఆగి, కుడికాలు నేల మీద ఈడుస్తూ పక్కకి తిరిగాడంటే పిల్లలు తల్లుల కొంగుల్లో దూరేవాళ్లు. ఒక ఏడాది నక్షత్రం చూసి వచ్చిన జ్ఞానుల్లో ఒకడు ఆ నడకకి జడుసుకుని, తన మాట మర్చిపోయి, ‘నేనింటికి పోతానండి’ అన్నాడు. ఆయన వేషం మానేశాక కుర్రాళ్లు అదే పట్టుకున్నారు. ఇప్పటికీ ఆ చుట్టుపక్కల పాలేల్లో ఏ చర్చికెళ్లినా క్రిస్మస్ రాజు కుడికాలు ఈడవాల్సిందే. ఈడవకపోతే జనం ఆయన్ని రాజుగా ఒప్పుకోరు.

గౌస్ బాషాకి మాత్రం ఇదేమీ తెలియదు. ఊరంతా నాటకాలు చూసే వేళకి ఆయన హాల్లో రీళ్లు మారుస్తూ ఉండేవాడు.

షూటింగు మాఘమాసం పోయాక పెట్టుకున్నారు. కల్లం నిండా మిరపకాయలు, ఎండ, ఘాటు. జయకుమారి చీపురు కర్రకి మైకు కట్టి పట్టుకుంది. మైకులో సంభాషణకంటే తుమ్ములే ఎక్కువ పడ్డాయి. ప్రేమదాసు ఒక్కడే తుమ్మలేదు. పుట్టినప్పటి నుంచీ ఆ ఘాటులోనే ఉన్నాడాయన. మూడో రోజుకి శ్యామ్‌కి కూడా అర్థమైంది, కదలని ముసలాయన్ని ఇరవై నిమిషాలు ఎవరూ చూడరని.

“నాన్నా, బేరగాడు వచ్చాడనుకో. లేచి వెళ్లి, పంట అమ్మనని చెప్పి పొమ్మను.”

“ఎట్టా పొమ్మనాలిరా?”

“ఎట్టా అయినా. నీకు వచ్చినట్టు.”

ప్రేమదాసు మంచం మీంచి లేచాడు. కండువా భుజానికి ఎగరేశాడు. ఆగాడు. తర్వాత కుడికాలు నేలని గీస్తూ మిరప పరుపు అంచునే మెల్లగా పక్కకి తిరిగాడు. అంతే, ఆ కల్లానికి, ఆ పొలానికి, కనుచూపు మేర ఉన్న పత్తిచేలన్నిటికీ ఆయనే యజమాని అయిపోయాడు. బేరగాడి వేషం వేసిన స్టూడియో కుర్రాడు నిజంగానే వెనక్కి జరిగాడు.

గౌస్ బాషా నోట్లో వక్క నమలడం ఆపేశాడు.

“ఒరేయ్ శ్యామూ. ఇది నేను ఎక్కడా చూడలేదురా.”

శ్యామ్ కెమెరా వదిలేసి ఆయన్ని కావలించుకున్నాడు. ఎనిమిదేళ్ల తర్వాత మొదటిసారి ఒకటి సొంతం అని తేలింది. చిన్నప్పటి నుంచీ చూస్తున్న నడకే, కళ్ల ముందున్నదే, తనకెందుకు తట్టలేదా అని తన నెత్తిన తనే మొట్టుకున్నాడు.

“ఎక్కడ పట్టావు నాన్నా ఈ నడక?”

“వచ్చిందిరా,” అన్నాడు ప్రేమదాసు ఎటో చూస్తూ.

“ఎక్కడ్నుంచి?”

“కాళ్లల్లోంచి. ఎండెక్కుతోంది, కానియ్యి.”

ఇక శ్యామ్‌కి పట్టపగ్గాలు లేవు. సినిమాలో వీలున్న చోటల్లా తండ్రిని నడిపించాడు. సినిమా మొదట్లో నల్ల తెర మీద ఎర్ర అక్షరాలతో ఒక టైటిల్ అట్ట వేశాడు: ‘ఈ చిత్రంలో ఏదీ ఎక్కడి నుంచీ తీసుకోలేదు.’ అది చూసిన రోజు నుంచీ ప్రేమదాసు అన్నం సరిగ్గా తినలేదు. రెండు మూడుసార్లు కొడుకు పక్కన చేరి, ఆ అట్ట లేకపోతే సినిమా ఆడదా అని అడిగాడు. ఆ అట్ట కోసమే సినిమా తీశాను నాన్నా అన్నాడు శ్యామ్.

తాడేపల్లిలో చిన్న సినిమాల పండగ ఒకటి జరుగుతుంది. అక్కడికి పంపే ముందు సొంత ఊరు చినగరువులో చర్చి ఆవరణలో తెర కట్టి వేద్దామనుకున్నాడు. పేట నుంచి తనని జెరాక్స్ అన్న ప్రతివాణ్ణీ ఇంటికెళ్లి మరీ పిలిచాడు. పెద్దమనిషి ఒకరు కూర్చుని ఔనంటే తిరుగుండదని, పక్క ఊరు పెదగరువు నుంచి పిచ్చయ్య గారిని ముఖ్య అతిథిగా పిలిచాడు. పిచ్చయ్య అంటే ఒకప్పుడు ఈ ప్రాంతమంతా తెలిసిన రంగస్థల నటుడు. పౌరాణిక నాటకాల్లో రాజు వేషానికి పెట్టింది పేరు. ఎనభై దాటాయి, చేతికర్ర వచ్చింది, గొంతు మాత్రం మైకు అక్కర్లేనట్టే ఉంది.

ఆ కబురు విన్న ప్రేమదాసుకి ఒళ్లు వెచ్చబడింది.

“ఆయన్నెందుకు పిలిచావురా?”

“కళాకారుడు కదా నాన్నా. నీ నడక ఆయన చూడొద్దూ?”

“నాకు జొరం. నేను రాను,” అన్నాడు ప్రేమదాసు. జయకుమారి థర్మామీటరు పెట్టి చూసి, జొరం లేదు ఏమీ లేదు మామయ్యా, చొక్కా తొడుక్కోండి అంది.

పొద్దుగూకగానే సినిమా మొదలైంది. ఎర్ర అక్షరాల అట్ట పడినప్పుడు పేట జనం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. శ్యామ్ ఛాతీ రెండంగుళాలు పొంగింది. పిచ్చయ్య ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ప్రేమదాసు కుర్చీ తీసుకోకుండా గేటు దగ్గర గోడనానుకుని నిలబడ్డాడు. తెర మీద ఆయన మంచం మీంచి లేచాడు, కండువా ఎగరేశాడు, ఆగాడు, నడిచాడు.

“ఆపండ్రా!”

చేతికర్ర నేలకి కొట్టి పిచ్చయ్య లేచి నిలబడ్డాడు. ప్రొజెక్టర్ దగ్గరున్న గౌస్ బాషా పాత అలవాటుకొద్దీ టక్కున ఆపేశాడు.

“మళ్లీ వెయ్యి.”

వేశాడు.

“ఇంకోసారి.”

మళ్లీ వేశాడు. పిచ్చయ్య జనం వైపు తిరిగాడు.

“ఈ నడక నాది.”

ఎగతాళి మొదలైంది. “ఈసారి తండ్రీకొడుకులు కలిసి తీశారా జెరాక్సు?” అన్నాడు పేట నుంచి వచ్చిన ఒక కెమెరామన్. “కలర్ జెరాక్స్ అబ్బాయ్, చాలా నీటుగా వచ్చింది,” అన్నాడు పక్కవాడు. శ్యామ్ గేటు వైపు చూశాడు. “నాన్నా, నిజమేనా?” అని అరిచాడు. ఆ అరుపులో కోపం ఉంది, దాచుకోలేదు. తన ఎనిమిదేళ్ల ఒట్టుని సొంత తండ్రే ముంచాడు.

ప్రేమదాసు గోడ దగ్గర్నుంచి ముందుకి వచ్చాడు. వస్తూ వస్తూ భుజం మీది కండువా తీసి చంకలో పెట్టుకున్నాడు. తెర మీద అంత రాజులా ఉన్న మనిషి ఒంగి ఒంగి నడుస్తున్నాడు. అది చూసేసరికి శ్యామ్‌కి కోపం ఎటు పోయిందో తెలియదు. గబగబా వెళ్లి తండ్రికి అడ్డం నిలబడ్డాడు.

“పిచ్చయ్య గారూ, సినిమా నేను తీశానండీ. ఆ అట్ట రాసింది నేను. అనాల్సినవి నన్ను అనండి. ఆయన వద్దనే చెప్పాడు.”

“నువ్వు పక్కకి జరగవయ్యా,” అన్నాడు పిచ్చయ్య. “ఏమయ్యా ప్రేమదాసూ, ఎక్కడ చూశావు నన్ను?”

“మీ ఊరి తిరనాళ్లలో అండి. యాభై ఏళ్లయి ఉంటది.”

“పందిట్లో ఎక్కడ కూర్చున్నావు?”

“మమ్మల్ని పందిట్లోకి ఎక్కడ రానిచ్చారండీ? దూరంగా పొగాకు కాల్చే బ్యారన్ కొట్టం ఉంటే దాని గోడెక్కి చూశా.”

పెదగరువు నుంచి పిచ్చయ్యతో వచ్చిన వాళ్లు చేతులు చూసుకున్నారు.

“బ్యారన్ మీంచా? అక్కణ్ణుంచి ఏం కనపడుద్ది?”

“మీరు జానెడు కనపడ్డారండి. పద్యం గాలికి కొట్టుకుపోయింది. భుజం కనపడింది, కాలు కనపడింది. కనపడినంత తెచ్చుకున్నా. అడిగి తీసుకుందామంటే మీ గడప దాకా వచ్చే రోజులు కావు.”

పిచ్చయ్య కర్ర మీద రెండు చేతులూ ఆనించాడు.

“ఆ నడక కోసం నేను గొడ్లపాకలో తలుపేసుకుని ఎన్ని నెలలు చచ్చానో ఎవడికీ తెలీదు,” అన్నాడు. “ముందు కూర్చున్న పెద్దలంతా పద్యానికి వన్స్‌మోర్ కొట్టి గురక పెట్టేవాళ్లు. నడక బాగుందని ఒక్కడూ అనలేదయ్యా. చూసినవాడివి నువ్వొక్కడివేనా? అదీ గోడెక్కి!”

ప్రేమదాసు తల ఊపాడు.

“అది సరే గానీ,” పిచ్చయ్య గొంతు మళ్లీ పెరిగింది, “మధ్యలో ఆ కాలు ఈడవటం ఏంటి?”

“అదీ మీదేగా అండి. రాజు పొగరు. ఈ నేలంతా నాదే అన్నట్టు గీసుకుంటా వెళ్లటం...”

“పొగరా, నా మొహమా! ఆ రోజు అద్దెకి తెచ్చిన జోళ్లు ఒక సైజు తక్కువయ్యా! కుడి మడమ బొబ్బలెక్కి ఊడిపోయింది. నాటకం ఎప్పుడైపోద్దా, ఎప్పుడు విసిరి కొడదామా అని ఏడుస్తా నడిచా. ఇంకెప్పుడూ నేను కాలు ఈడవలేదు!”

“నేను ఆ రోజే చూశానండి,” అన్నాడు ప్రేమదాసు బిక్కమొహం వేసి.

ముందు జయకుమారి నవ్వింది. తర్వాత పాస్టరు గారు పైపంచె నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ పైన ఆవరణ అంతా ఒకటే నవ్వు. చుట్టుపక్కల పాలేల్లో ఇన్నేళ్లుగా క్రిస్మస్ రాజులంతా కాళ్లు ఈడ్చి ఈడ్చి పిల్లల్ని జడిపించింది ఒక ఇరుకు చెప్పు పుణ్యమని తెలిశాక ఎవరు మాత్రం ఆపుకోగలరు? పోయిన డిసెంబర్లో రాజు వేషం వేసిన కుర్రాడు నవ్వలేక కుర్చీలోంచి జారిపోయాడు.

పిచ్చయ్య కూడా నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు.

“నడక నాది. ఈడవటం నీది,” అన్నాడు. “నాకు నొప్పి పుడితే నీకు రాజు కనపడ్డాడు. అంత దూరం నుంచి అది చూశావంటే, ఇక దాన్ని నాదని నేను అనలేను.” తన కుర్చీ చూపించాడు. “ఇక్కడ కూర్చో. సినిమా మొదటి నుంచీ వెయ్యమను.”

“మరి మీరండీ?”

“నేను అక్కణ్ణుంచి చూస్తా.”

కర్ర పొడుచుకుంటూ ఆవరణ చివరికి వెళ్లి, ఇందాక ప్రేమదాసు నిలబడిన చోట గోడకానుకుని నిలబడ్డాడు. కుర్చీ వెయ్యబోతే వద్దన్నాడు. ముందు వరసలో ప్రేమదాసు కండువా ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చుని సినిమా చూశాడు. నడక వచ్చినప్పుడు గేటు దగ్గర్నుంచి ఆ పెద్ద గొంతు వినపడింది. “కనపడుతోందయ్యా! జానెడున్నావు!”

శ్యామ్ తెర వెనక నిలబడి ఏడ్చాడు. సినిమా బాగా వచ్చినందుకు కాదు.

తర్వాత పది రోజులకి తాడేపల్లిలో ‘కల్లం కాపలా’ వేశారు. దానికి బహుమతీ రాలేదు, తిట్లూ రాలేదు. పేటలో ఆయన్ని ఇంకా జెరాక్స్ శ్యామ్ అనే పిలుస్తున్నారు. జయకుమారి ఈ మధ్య నిజంగానే మిషను కొన్నది, కౌంటరు ఖాళీ ఉండటం లేదు. శ్యామ్ ఇప్పుడు అన్నం మానెయ్యడం లేదు.

కానీ తాడేపల్లి హాల్లో ఒకటి జరిగింది, అది చెప్పి ఆపుతాను. ప్రేమదాసు కొడుకు పక్కన కూర్చున్నాడు. నల్ల తెర మీద ఎర్ర అక్షరాల అట్ట పడింది. పాత మాటలు కావు. ‘ఇందులో నడక పెదగరువు పిచ్చయ్య గారిది. కాలు ఈడ్చడం మా నాన్న ప్రేమదాసుది. అడగకుండా తీసుకున్నందుకు ఇద్దరికీ దండం. దర్శకత్వం: జెరాక్స్ శ్యామ్.’

ప్రేమదాసు ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాడు. తన పేరు దగ్గర ఆగి, వెనక్కి వెళ్లి మళ్లీ చదివాడు. ఈలోపు అట్ట వెళ్లిపోయి కల్లం వచ్చింది. చాలాసేపు కొడుకు చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత చెవి దగ్గరికి ఒంగాడు.

“ఒరేయ్, ఆ చెప్పులు అద్దెకిచ్చినోడి పేరు మర్చిపోయావు.”